నీళ్ళు చూసి, పాలు చూసి, ఆ తర్వాత టీ పొడి

మా పెద్దక్కది అంతర్వేది దగ్గర పల్లెటూరు. నేనుండేది రావులపాలెంలో. కిందటి సంక్రాంతికి అక్క మా ఇంటికొచ్చింది. పొద్దున్నే టీ తాగి, "ఏం పొడిరా ఇది, ఇంత బాగుంది?" అనడిగింది. డబ్బా తెచ్చి చూపించాను.

"నేను వాడేదీ ఇదేగా! మా ఇంట్లో ఈ రంగు రాదు, ఈ రుచీ రాదు. నువ్వేం వేశావు ఇందులో?"

"ఏమీ వేయలేదక్కా. నీళ్ళ తేడా అయ్యుంటుంది."

అక్క నమ్మలేదు. వెళ్ళేటప్పుడు మా ఇంటి నీళ్ళు ఐదు లీటర్లు క్యానులో పట్టిచ్చాను. మర్నాడు పొద్దున్నే ఫోన్. "తమ్ముడూ, వచ్చిందిరా అదే టీ!"

ఆ ఫోన్ తర్వాత నాకు పట్టుదల పెరిగింది. మూడు నెలలపాటు రకరకాల టీ పొడులు వంద గ్రాముల చొప్పున కొని, రకరకాల నీళ్ళతో, పాలతో కాచి రుచి చూశాను. ఏ పొడి మంచిదని చాలామంది అడుగుతుంటారు. మన గోదావరి జిల్లాల్లో ఆ ప్రశ్న కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. మీ ఇంట్లో వాడేది ఏ నీళ్ళు? పోసేది ఏ పాలు? ఆ రెండూ తెలిస్తే పొడి ఎంచుకోవడం సగం అయిపోయినట్టే.

ముందు నీళ్ళ సంగతి

గోదావరి ధవళేశ్వరం దాటగానే పాయలుగా విడిపోతుంది. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి కాలువల నీళ్ళే మన పొలాలకీ, ఊరి చెరువులకీ ఆధారం. నది నీళ్ళు బోరు నీళ్ళకంటే మెత్తన. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ బోర్లలో ఉప్పదనం, సున్నం పెరుగుతాయి. పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెల అడుగున తెల్లటి పొర కడుతుంది. అవే నీళ్ళు టీనీ పాడుచేస్తాయి.

ఎలా పాడుచేస్తాయో కళ్ళతో చూడాలంటే పాలు పోయకుండా కాచాలి. అక్క వాళ్ళ బోరు నీళ్ళు, మా కుళాయి నీళ్ళు, ఇరవై లీటర్ల ఫిల్టర్ క్యాను నీళ్ళు మూడు గాజు గ్లాసుల్లో పక్కపక్కన పెట్టాను. మూడింట్లోనూ అదే నీలగిరి పొడి, అంతే తూకం, అంతే సమయం. కుళాయి నీళ్ళ గ్లాసు పైనుంచి చూస్తే అడుగు కనిపించేంత తేటగా, ఎర్రటి రాగి రంగులో ఉంది. బోరు నీళ్ళ గ్లాసు బురద రంగుకి తిరిగింది. నాలుగైదు నిమిషాలకి పైన పల్చటి పొర కట్టింది, వెలుతురుకి పెడితే నూనె మరకలా మెరిసింది. చెంచాతో కదిపితే అది ముక్కలై గ్లాసు అంచుకి అంటుకుంది. నీళ్ళలోని సున్నం టీలోని పదార్థాలతో కలిసి కట్టే పొర అది. రుచి కూడా చప్పగా, నాలుక మీద సుద్ద రాసినట్టుంది. నాలుగు చుక్కలు నిమ్మరసం పిండగానే పొర విరిగిపోయి రంగు తేటపడింది. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది కాబట్టి అలా జరుగుతుంది.

క్యాను నీళ్ళ గ్లాసు రంగు అన్నిటికంటే మెరుస్తూ ఉంది గానీ, రుచిలో ఏదో ఖాళీ. లవణాలు మరీ తీసేస్తే వగరు మాత్రం గుచ్చుకుని, వెనకాల నిండుదనం రాదు. నాకైతే కుళాయి నీళ్ళకే మొదటి మార్కు.

అందుకని, మీది కాలువ నీళ్ళో మున్సిపల్ కుళాయి నీళ్ళో అయితే మీకు దాదాపు ఏ టీ అయినా నప్పుతుంది. బోరు నీళ్ళయితే సున్నితమైన రకాల జోలికి పోకండి. డార్జిలింగ్, గ్రీన్ టీ ఆ నీళ్ళలో వేస్తే డబ్బు దండగ. గట్టి అస్సాం పొడి మాత్రం ఆ నీళ్ళకి తట్టుకుంటుంది. బ్రిటన్‌లో సున్నపు నీళ్ళున్న ఊళ్ళకోసం విడిగా ఘాటైన టీ కలిపి అమ్ముతారు. మనకి అలాంటి ప్యాకెట్లు రావు కాబట్టి మనమే చూసుకోవాలి.

ఇంకో సంగతి. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. ఆ రోజుల్లో చెరువులో నిలవబెట్టిన నీళ్ళు వాడే ఊళ్ళలో టీ రుచి మారుతుంది. శ్రావణంలో ఎర్ర నీళ్ళు వచ్చినప్పుడూ అంతే. మా అమ్మమ్మ బిందె అడుగున చిల్లగింజ అరగదీసి నీళ్ళు తేర్చేది. మీరు పటిక వేసేవాళ్ళయితే కొంచెమే వేయండి, ఎక్కువైతే ఆ వగరు టీలోకి వచ్చేస్తుంది.

పాలు

గేదె పాలలో వెన్న సాధారణంగా 6 నుంచి 8 శాతం ఉంటుంది. ఆవు పాలలో నాలుగు అటూ ఇటూ. ప్యాకెట్లలో టోన్డ్ పాలకి 3 శాతం, ఫుల్ క్రీమ్‌కి 6 శాతం. పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ టీలోని వగరుని పట్టేసుకుంటుంది, వెన్న మిగతా రుచిని కప్పేస్తుంది. పొద్దున్నే పితికిన గేదె పాలు సగానికి సగం పోసి కాచే ఇళ్ళలో తేలికపాటి టీ పొడి వేస్తే తాగేది వేడి పాలే. ఆ పాలకి ఎదురు నిలిచేది అస్సాం. టోన్డ్ ప్యాకెట్ పాలయితే నీలగిరి డస్ట్, అంటే మెత్తటి పొడి రకం, చాలు, ఘాటు అస్సాం వేస్తే గొంతులో గరగరలాడుతుంది.

అస్సామా, నీలగిరా

అసలైన పోటీ ఈ రెండింటి మధ్యే, కాబట్టి దీనిమీదే ఎక్కువ రోజులు గడిపాను.

రెండూ ఒకే జాతి మొక్క. అస్సాంలో బ్రహ్మపుత్ర లోయలో, పల్లపు నేలలో, మన కోనసీమ లాంటి ఉక్కపోతలో పెరిగేది పెద్దాకు రకం. మే, జూన్ నెలల్లో వచ్చే రెండో కోతకి పేరెక్కువ. దాని వాసనని టీ వాళ్ళు మాల్టీ అంటారు. హార్లిక్స్ సీసా మూత తీసినప్పుడు గుప్పుమనే వాసన గుర్తు తెచ్చుకోండి, అదే. రంగు ముదురు ఎరుపు, నోట్లో బరువుగా ఉంటుంది. నీలగిరి తోటలు కూనూరు, ఊటీ కొండల మీద ఉన్నాయి. అక్కడ ఏడాది పొడవునా ఆకు కోస్తారు. టీ తేటగా, చురుగ్గా, కొంచెం పూల వాసనతో ఉంటుంది. తాగాక నోరు శుభ్రంగా అనిపిస్తుంది.

రెండింట్లోనూ మనకి మామూలుగా దొరికేది సి.టి.సి. రకం. ఆకుని నలిపి, చించి, చుట్టే యంత్రం 1930లలో అస్సాంలో మొదలైంది. అలా చేసిన పొడి త్వరగా రంగు దిగుతుంది, పాలకి నిలబడుతుంది. అందులో మళ్ళీ గింజల్లా ఉండేదొకటి, మెత్తటి డస్ట్ ఒకటి. డస్ట్ అంటే ఊడ్చి పోగేసిన దుమ్మని చాలామంది అపోహ. అది గింజ పరిమాణానికి పేరు, అంతే. మంచి డస్ట్ నాసిరకం గింజ టీ కంటే ఎంతో మేలు. దక్షిణాదిలో డస్ట్‌కే గిరాకీ ఎక్కువ. త్రీ రోజెస్, చక్ర గోల్డ్ లాంటివి మన కిరాణా కొట్లలో ఎక్కువగా డస్ట్‌గానే దొరుకుతాయి, రెడ్ లేబుల్ గింజ రకం. ప్యాకెట్ టీలు చాలావరకు రకరకాల తోటల పొడులు కలిపినవే.

డస్ట్ రెండు నిమిషాలు మరిగితే చాలు, దించేయాలి. గింజ టీకి నాలుగైదు నిమిషాలు కావాలి. ఈ తేడా తెలియక డస్ట్‌ని పది నిమిషాలు మరిగించి, చేదొచ్చిందని పొడిని తిట్టేవాళ్ళని చూశాను.

నా తీర్పు ఇది. గేదె పాలు, బోరు నీళ్ళు, పొద్దున్న ఒక్కసారి గట్టిగా తాగే ఇల్లయితే అస్సాం గింజ టీ. కుళాయి నీళ్ళు, ప్యాకెట్ పాలు, రోజుకి మూడు నాలుగుసార్లు తాగే ఇల్లయితే నీలగిరి డస్ట్. మధ్యస్థంగా ఉన్నవాళ్ళు రెండూ చెరో పావుకేజీ కొని, రెండు వంతుల అస్సాంకి ఒక వంతు నీలగిరి కలిపి చూడండి. మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నది ఆ కలయికే. అస్సాం రంగూ బరువూ ఇస్తుంది, నీలగిరి వాసన ఇస్తుంది.

డార్జిలింగ్, గ్రీన్ టీ, మిగతావి

డార్జిలింగ్ టీకి 2004లో మన దేశంలోనే మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు దక్కింది. మార్చి, ఏప్రిల్ నెలల మొదటి కోత లేత బంగారు రంగులో, లేత జామాకు నలిపిన వాసనతో ఉంటుంది. రెండో కోతలో పండిన ద్రాక్ష వాసన వస్తుంది. నాకు మొదటిసారి ఎవరో కానుకగా ఇస్తే, అల్లం దంచి వేసి, గేదె పాలలో మరిగించాను. ఆ డబ్బా మొత్తం అలాగే అయిపోయింది. అంత మంచి ఆకుని అలా పాడుచేసినందుకు ఇప్పటికీ మనసు నొచ్చుకుంటుంది. డార్జిలింగ్‌కి పాలు వద్దు, మరిగించడం వద్దు. మరిగిన నీళ్ళు దించి, ఆకు మీద పోసి, మూత పెట్టి మూడు నిమిషాలాగి వడకట్టుకోవాలి. చక్కెర కూడా లేకుండా తాగండి. సాయంత్రం గోదారి గట్టున కూర్చుని తాగడానికి దీన్ని మించింది లేదు. పాల టీ తప్ప తాగనివాళ్ళు మాత్రం కొనొద్దు.

ధర చూసి భయపడేవాళ్ళు ఒక లెక్క వేసుకోండి. కప్పుకి 2 గ్రాములు పడుతుంది, అంటే వంద గ్రాములకి యాభై కప్పులు. వంద గ్రాములు ఆరు వందలనుకుంటే కప్పు పన్నెండు రూపాయలు. అదే ఆకుమీద రెండోసారి నీళ్ళు పోసుకోవచ్చు కూడా.

గ్రీన్ టీ పులియబెట్టని ఆకు. మరిగే నీళ్ళు పోస్తే చేదెక్కిపోతుంది. నీళ్ళు మరిగాక ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి రెండుసార్లు తిరగపోస్తే కావలసినంత చల్లారతాయి. రెండు నిమిషాలకే ఆకు తీసేయాలి. సరిగ్గా చేస్తే పెసలు ఉడికిన నీళ్ళ కమ్మదనం, చివర్లో చిన్న తీపి తెలుస్తాయి. బరువు తగ్గుతామని మాత్రం కొనకండి, అందులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాదు. రుచి నచ్చితేనే కొనండి.

లెమన్ టీకి నీలగిరి ఆకు టీ బావుంటుంది, తేటగా ఉంటుంది కాబట్టి. టీ బ్యాగులు ప్రయాణాలకి సరే, ఇంటికి అనవసరం. యాలకులు, మసాలా కలిపి అమ్మే పొడులు కొనొద్దంటాను. యాలక్కాయ మనమే దంచి వేసుకుంటే ఆ వాసనే వేరు.

అల్లం, బెల్లం టీలు ఇష్టమైతే పొడి గట్టిదే ఉండాలి. అల్లం ముందు నీళ్ళలో బాగా మరిగించాకే పాలు పోయండి. పచ్చి అల్లానికి పాలని విరగ్గొట్టే గుణం ఉంది. బెల్లం పొయ్యి కట్టేశాక, గ్లాసులో కలుపుకోవడం మేలు.

ఇంట్లో రుచి చూసే పద్ధతి

టీ రుచి చూసేవాళ్ళకి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐ.ఎస్.ఓ. 3103, మొదట 1980లో వచ్చింది. వంద మిల్లీలీటర్ల మరిగే నీళ్ళకి 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. తాగడానికి ఇది మరీ కడుపు మండించేంత గట్టి టీ, కానీ లోపాలన్నీ బయటపడేది అప్పుడే. చెంచాతో తీసుకుని, జుర్రుమని శబ్దం వచ్చేలా పీల్చాలి. గాలితో కలిస్తేనే వాసన ముక్కు వెనక్కి చేరుతుంది.

మన ఇంటికి అంత అక్కర్లేదు. తూకం మాత్రం తప్పదు. చెంచా డస్ట్, చెంచా ఆకు టీ ఒకే బరువు ఉండవు, అందుకని చెంచా లెక్కన పోలిస్తే తీర్పు తప్పుతుంది. వంటింటి చిన్న కాటా ఉంటే చాలు. ఒకే రకం గ్లాసులు, ఒకే నీళ్ళు, గడియారం. ముందు పాలు లేకుండా, తర్వాత మీ ఇంటి పాలతో. వగరు ఎంతుందో చూడండి. పచ్చి వక్క నమిలినట్టు దవడలు బిగిస్తే ఎక్కువైనట్టు. అసలు లేకపోతే పొడి పాతబడినట్టు. చల్లారాక కూడా ఒక గుక్క తాగండి. మంచి టీ చల్లారినా బావుంటుంది, నాసిరకానిది చల్లారితే గడ్డి నీళ్ళలా ఉంటుంది.

గ్లాసుల అడుగున అంకెలు రాసి, ఏది ఏదో చెప్పకుండా ఇంట్లోవాళ్ళకి ఇవ్వండి. నేనలా ఇస్తే, ఖరీదైన పొడి తప్ప ముట్టనని చెప్పే మా బావగారు రెండుసార్లూ మామూలు నీలగిరి డస్ట్ గ్లాసే ఎంచుకున్నారు. "ఆయ్, ఇదేనండి అసలు టీ" అన్నారు. ఇప్పుడు ఆయన ఇంటికీ అదే వెళ్తోంది.

చెరువు గట్టుకి ఫ్లాస్కు

భీమవరం, ఉండి వైపు చేపలు, రొయ్యల చెరువుల దగ్గర రాత్రిళ్ళు ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) చూసుకుంటూ మేలుకునేవాళ్ళు ఎంతోమంది. వాళ్ళకి టీ ఎంపిక వేరు. రాత్రి తొమ్మిదింటికి కాచి ఫ్లాస్కులో పోసిన పాల టీ తెల్లవారుజామున మూడింటికి తాగితే పాచి వాసన వస్తుంది, ఉక్కరోజుల్లో విరిగిపోతుంది కూడా. డికాక్షన్ ఒక ఫ్లాస్కులో, మరిగించిన పాలు ఇంకో చిన్న ఫ్లాస్కులో పెట్టుకోవాలి. డికాక్షన్‌కి గింజ టీయే వాడాలి, బాగా వడకట్టాలి. డస్ట్ అయితే వడపోతలోంచి జారిన నలుసులు ఫ్లాస్కు అడుగున ఊరుతూ గంట గంటకీ చేదు పెంచుతాయి. రెండో ఫ్లాస్కు లేనివాళ్ళు నిమ్మకాయ తీసుకెళ్ళండి. వేడి టీ ప్లాస్టిక్ కవర్లో కట్టించుకుని తేవడం మాత్రం మానేయండి.

కల్తీ, నిల్వ

ఒకసారి సంతలో విడి పొడి చవగ్గా వస్తోందని కేజీ కొన్నాను. మొదటి రోజు రంగు చూసి మురిసిపోయాం. మూడో రోజు వడగట్టే గుడ్డ ఉతికినా ఎరుపు పోకపోవడంతో అనుమానమొచ్చింది. చల్లటి నీళ్ళ గ్లాసులో చిటికెడు చల్లితే ఎర్రటి చారలు గబగబా కిందికి దిగాయి. మంచి టీ చల్లటి నీళ్ళలో అంత వేగంగా రంగు వదలదు. తడిపిన తెల్లకాగితం మీద చల్లి చూసినా తెలుస్తుంది, రంగు వేసిన పొడి చుట్టూ మరక పాకుతుంది. కేజీ మొత్తం పారబోశాను. విడి పొడి కొనేవాళ్ళు ముందు వంద గ్రాములు కొని ఈ పరీక్ష చేయండి.

మన ఉక్కకి తెరిచిన ప్యాకెట్ వారం తిరక్కుండా మెత్తబడుతుంది. బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో పోసి, పొయ్యికి దూరంగా పెట్టాలి. టీ పొడి పక్క వాసనల్ని ఇట్టే లాగేసుకుంటుంది. ఎండుచేపలు, సాంబారు పొడి, ఇంగువ ఉన్న అరలో పెట్టొద్దు. తడి చెంచా అసలు వద్దు. నెలకి సరిపడా మాత్రమే కొనండి, ప్యాకింగ్ తేదీ చూసుకోండి.

ఆడపిల్లలున్న ఇళ్ళకి ఒక మాట. టీ తిండిలోని ఐరన్‌ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. రక్తం తక్కువున్నవాళ్ళూ, గర్భిణులూ భోజనానికీ టీకీ కనీసం గంట ఎడం ఇవ్వాలి. ఐరన్ మాత్ర టీతో వేసుకోకూడదు. ఏ రకం టీ అయినా ఇది వర్తిస్తుంది.

తినేవాటి పక్కన ఏది అంటే, మిరపకాయ బజ్జీకి అల్లం వేసిన అస్సాం. పూతరేకులకీ, కాకినాడ కాజాకీ చక్కెర లేని నీలగిరి డికాక్షన్. పులస పులుసు తిన్న రోజున ఆ రుచి నోట్లో ఉండనివ్వండి, సాయంత్రం దాకా ఏ టీ వద్దు.

అక్క ఇప్పుడు తాగడానికి పంచాయతీ ట్యాంకు నీళ్ళు తెప్పించుకుంటోంది, వాటితో నీలగిరి కలిపిన పొడి బానే కుదిరింది. వేసవిలో కాలువలు కట్టేస్తే మళ్ళీ బోరు నీళ్ళే గతి. అప్పటికి అరకేజీ అస్సాం గింజ టీ పంపుతానని చెప్పాను. "మర్చిపోకురా, బావగారు పొద్దున్నే టీ బాగోకపోతే పొలం వెళ్ళరు" అంది.